నాలుక చాపమని అడిగితే

మంత్రాలయంలో పొద్దున లేస్తే చెవిన పడే పేరు రాఘవేంద్ర. అందులో 'ర' రెండుసార్లు వస్తుంది. నాలుక కొన పైపళ్ల వెనక్కి లేచి తగిలితేనే ఆ అక్షరం పలుకుతుంది.

"స్వామి పేరు కూడా నోరు తిరుగల్యా సార్, మెతుకులు ఒగ పక్కనే నిలబడిపోతాండాయి" అంది ఒక అవ్వ. పక్షవాతమేమో అనుకున్నాను. మూతి వంకర లేదు, కాలూ చెయ్యీ బాగున్నాయి. రెండు నెలలుగా మెడ మొదట్లో, తల వెనక నొప్పి ఉందని మాత్రం లేచి వెళ్లబోతూ చెప్పింది. కీళ్లవాతంతో వంకరపోయిన ఆమె వేళ్లను అప్పుడు గానీ సరిగా చూడలేదు నేను.

మళ్లీ కూర్చోబెట్టి నోట్లోకి టార్చి వేశాను. నాలుకను ముందు నోట్లో ఊరికే ఉన్నప్పుడే చూడాలి. బయటికి చాపితే ఎవరి నాలుకైనా కాస్త అదురుతుంది. అవ్వ నాలుక కుడి సగం సన్నబడి, ముడతలు పడి, నీళ్ల మీద సన్న చినుకు పడ్డట్టు అదురుతోంది. చాపమంటే కొన కుడికే పోయింది. నాలుకను ముందుకు తోసే కండరం పక్కకొకటి ఉంటుంది. ఒకటి పడిపోతే రెండోది నాలుకను పడిపోయిన వైపుకే నెట్టేస్తుంది.

నాలుకను కదిలించే నరం కపాల నరాల్లో 12వది. పుర్రె అడుగున చిన్న సొరంగంలోంచి బయటికొస్తుంది. తల మొదటి మెడపూస మీద కూర్చునే కీలుకు సరిగ్గా పైనే ఆ సొరంగం. అక్కడ కీలు వాచినా, నీటితిత్తి లేచినా, క్షయ పట్టినా, దెబ్బకు ఎముక చిట్లినా, క్యాన్సర్ పాకినా నరం నలుగుతుంది. కీలు వల్ల నాలుక పడిపోవడం అరుదు. అందుకే మెడను ఒకరు, నాలుకను ఒకరు చూసి పంపేస్తుంటాం. ఆ పూట ఆమె లేస్తూ మెడనొప్పి మాట అనకపోతే నేనూ పంపేసేవాణ్ణే.

స్కాన్‌కు కర్నూలు పంపాను. ఉత్త 'మెడ ఎమ్మారై' అని రాస్తే చాలదు, పుర్రె అడుగు, మొదటి రెండు పూసలు చూడమని విడిగా రాయాలి. స్కాన్‌లో చూస్తే, తల మొదటి పూస మీద కూర్చునే ఆ కీలే వాచి ఉంది.

మెడనొప్పితో పాటు మాట మొద్దుబారుతుంటే సెలూన్లో మెడ విరిపించుకోకండి. అద్దం ముందు నాలుక చాపి చూడండి. ఒక పక్కకే పోతుంటే డాక్టరుకు నొప్పి, నాలుక రెండూ కలిపి చెప్పండి. మాట ఉన్నట్టుండి పడిపోతే మాత్రం అద్దం దాకా కూడా వద్దు, ఆ నిమిషమే ఆసుపత్రికి పోండి.