లబ్ధిదారు, సాక్షి, కర్త: స్త్రీ సంస్థల కృషిపై ఒక విమర్శ

సారాంశం

స్త్రీల సమానత్వం కోసం నిధులతో, విధానపరమైన వాదనతో పనిచేసే లాభాపేక్ష లేని సంస్థలు తెలుగులో గణనీయమైన పాఠాలను వెలువరించాయి. ఆ పాఠాల్లో గ్రామీణ స్త్రీకి దక్కిన స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆమె లబ్ధిదారుగా కనిపిస్తుందా, సాక్షిగా మాట్లాడుతుందా, కర్తగా నిలుస్తుందా అన్నదే ఇక్కడి కొలమానం. రాజన్న సిరిసిల్ల జిల్లా వీర్నపల్లిని పరీక్షాస్థలంగా తీసుకొని ఈ చర్చ సాగుతుంది.

కీలక పదాలు: స్త్రీవాద విమర్శ, మౌఖిక చరిత్ర, నిధులు, సాధికారత, తండా, బీడీ కార్మికులు

1. ఉపోద్ఘాతం

తెలుగు స్త్రీవాద విమర్శ పాఠంలోని వస్తువును, శిల్పాన్ని, భాషను విస్తారంగా చర్చించింది. ఆ పాఠం వెలువడడానికి ఆధారమైన సంస్థను, ఆ సంస్థకు అందిన వనరులను అంతగా చర్చించలేదు. రచన వెనుక పరిశోధకుల వేతనం, ప్రయాణం, ముద్రణ, గ్రంథాలయం వంటి ఖర్చులుంటాయి. వాటిని భరించినవారి ఉద్దేశాలు పాఠం స్వభావాన్ని కొంతైనా నిర్ణయిస్తాయి. కనుక నిధుల ప్రస్తావన సాహిత్య విమర్శకు వెలుపలి విషయం కాదు.

ఈ విషయంలో రెండు తేలిక తీర్పులు ప్రచారంలో ఉన్నాయి. నిధులు రాగానే ఉద్యమం చచ్చిపోతుందన్నది మొదటిది. నిధులుంటే చాలు, మార్పు దానంతటదే వస్తుందన్నది రెండవది. తెలుగు నేలపై జరిగిన కృషిని పరిశీలిస్తే ఈ రెండూ నిలబడవు.

2. సాక్షి స్థానం

1970ల చివర హైదరాబాదులో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ను వెలువరించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జీవిత కథనాల సంపుటి ఇది. దీని ఆంగ్ల రూపం 1989లో వచ్చింది. పోరాట చరిత్రలో అన్నం పెట్టినవారిగా, ఆశ్రయమిచ్చినవారిగా పేరు లేకుండా మిగిలిపోయిన స్త్రీలు ఈ గ్రంథంలో తమ నోటితో తమ చరిత్ర చెప్పారు. చరిత్ర రచనా పద్ధతినే ఇది ప్రశ్నించింది.

అయినప్పటికీ ఇందులో ఒక శ్రమ విభజన ఉంది. చెప్పినవారు పోరాట స్త్రీలు. ప్రశ్నలు వేసినవారు, కూర్చినవారు నగరంలోని విద్యావంతులైన స్త్రీలు. దీనిని లోపంగా చూపి గ్రంథాన్ని తక్కువ చేయడం అన్యాయం. ఆనాటికి అది అవసరమైన మొదటి మెట్టు. అయితే సాక్షి స్థానం ఎంత గౌరవప్రదమైనదైనా, ఏ ప్రశ్న వేయాలో నిర్ణయించే అధికారం సాక్షికి ఉండదు.

1985లో అన్వేషి, 1991లో అస్మిత ఏర్పడడంతో ఈ కృషికి స్థిరమైన సంస్థాగత రూపం వచ్చింది. 1993లో మొదలైన ‘భూమిక’ పత్రిక తర్వాతి కాలంలో హింసకు గురైన స్త్రీల కోసం హెల్ప్‌లైన్ నిర్వహణకూ విస్తరించింది. పరిశోధన, ప్రచురణ, సహాయం, విధానాల మార్పు కోసం వాదన అనే నాలుగు పనులు ఒకే ఆవరణలోకి వచ్చాయి.

3. పాఠకురాలే కర్త అయిన సందర్భం

1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో ప్రభుత్వ నిధులతో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. సారా వల్ల ఒక ఇల్లాలు పడిన బాధను చెప్పే ‘సీతమ్మ కథ’ అందులోని పాఠాల్లో ఒకటి. దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించిన ఉదంతం తదుపరి వాచకంలో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠంగా చేరింది. దాన్ని చదివిన ఇతర గ్రామాల స్త్రీలు కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది.

ఈ ఘటనకు విమర్శపరంగా ఉన్న ప్రాముఖ్యాన్ని గుర్తించాలి. నిధి మంజూరైంది అక్షరాలు నేర్పడానికి. సారా దుకాణాల మూసివేత ఆ పథకం లక్ష్యం కాదు. పథకం అసలు ఫలితం పథకంలో రాయని చోట పుట్టింది. నేర్చుకునే స్త్రీల చర్య పాఠమై, ఆ పాఠం మళ్ళీ చర్యకు దారితీసింది. చదివేవారికీ కర్తలకూ మధ్య దూరం ఇక్కడ తగ్గిపోయింది. అదే ఏడాది అన్వేషి ఈ ఉద్యమాన్ని విశ్లేషిస్తూ ఒక ఆంగ్ల వారపత్రికలో వ్యాసం ప్రచురించింది. తెలుగు స్త్రీలు తెలుగు వాచకం చేతబట్టి నడిపిన ఉద్యమంపై సిద్ధాంత చర్చ ఆంగ్లంలో సాగడం సంస్థల భాషా పరిమితిని కూడా సూచిస్తుంది.

4. సంపాదకత్వం ఎవరిది?

అన్వేషిలో పరిశోధకురాలిగా పనిచేసిన గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ 1921 నుంచి 2002 వరకు దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోట చేర్చింది. సేకరించడం, ఎంచడం, కాలక్రమం నిర్ణయించడం దళిత స్త్రీ చేతిలోకి వచ్చాయి. స్త్రీ అన్న ఏకవచనం కింద కులం కనుమరుగవుతోందన్న విమర్శకు ఈ సంకలనం ఆధారాలతో కూడిన సమాధానం. ఎనభై ఏళ్ల సాహిత్యాన్ని వెతికి పట్టడానికి తీరిక, గ్రంథాలయం, సహపరిశోధకులు కావాలి. సంస్థ అండ సార్థకమయ్యేది ఇటువంటి చోటనే.

5. వీర్నపల్లి నుంచి చూస్తే

2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మండల కేంద్రమైన వీర్నపల్లి పరిధిలో లంబాడా తండాలు ఎక్కువ. ఆ చుట్టుపక్కల సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టడం వేలాది స్త్రీల జీవనాధారం. ఆకు, తంబాకు తెచ్చుకొని, ఒళ్లో చాట పెట్టుకొని ఇంటి వద్దే చుడతారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్క. ఇలా ఇంటి వద్ద చుట్టే స్త్రీని కూడా 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఉద్యోగిగా గుర్తించింది. సంస్థల నివేదికల భాషలో మాత్రం ఆమె లబ్ధిదారు అవుతుంది. కార్మికురాలు అన్న మాటలో హక్కు ఉంది. లబ్ధిదారు అన్న మాటలో ఇచ్చినవారి దయ ఉంది. విముక్తి అన్న మాట స్థానంలో సాధికారత అన్న మాట స్థిరపడిన క్రమంలోనే ఈ పదం కూడా బలపడింది.

తండా స్త్రీ విషయంలో సమస్య మరింత జటిలం. ఆమె ఇంటి భాష గోర్‌బోలికి సొంత లిపి లేదు. దరఖాస్తు తెలుగులో, నివేదిక ఆంగ్లంలో ఉంటుంది. సాయం కోరే తొలి వాక్యం నుంచే ఆమె తరఫున మరొకరు రాయవలసి వస్తుంది. అందరికీ ఒకే దరఖాస్తు ఇవ్వడం సమానత్వం కావచ్చు. ఆమె మాటను ఆమె భాషలో విని నమోదు చేసుకోవడం సమత. జెండర్ చర్చలో ఈ రెండు మాటల తేడా తేలేది ఇక్కడే.

ఇటీవలి చట్టాలు ఈ దూరాన్ని పెంచే అవకాశం ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ, అందుకున్న విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది. పరిపాలనా వ్యయ పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. నగరంలోని పెద్ద సంస్థ ద్వారా పల్లెలోని చిన్న సంఘానికి నిధి చేరే దారి దీంతో మూసుకుపోయింది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. లింగ సమానత్వం ఆ పనుల జాబితాలో ఉంది. కుట్టుమిషన్లు లెక్కకు వస్తాయి. కూలి రేటు కోసం బీడీ కార్మికురాలు చేసే వాదన లెక్కకు రావడం కష్టం. ఫలితాన్ని అంకెలతో చూపమనే పద్ధతిలో సహాయం మిగిలి, వాదన వెనకబడుతుంది.

6. ముగింపు

స్త్రీ సంస్థల సాహిత్య కృషిని అంచనా వేయడానికి ప్రచురణల సంఖ్య గానీ నిధుల మొత్తం గానీ చాలవు. ‘మనకు తెలియని మన చరిత్ర’ సాక్షికి గౌరవం ఇచ్చింది. నెల్లూరు వాచకం పాఠకురాలిని కర్తను చేసింది. ‘నల్లపొద్దు’ సంపాదకత్వాన్నే చేతులు మార్చింది. ఈ మూడింటి వెలుగులో ఏ సంస్థ కృషినైనా మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. ప్రశ్నలు ఎవరు వేశారు? పాఠం ఎవరి భాషలో ఉంది? చెప్పిన స్త్రీకి ఆ పాఠం తిరిగి చేరిందా?

చిన్న సంఘాలకు నేరుగా, దీర్ఘకాలం అందే సాయం, స్త్రీల భాషల్లో మౌఖిక నమోదు, స్థానిక యువతులకు సంపాదకత్వ శిక్షణ ఈ దిశలో చేయదగిన పనులు. వీర్నపల్లి తండాలోని స్త్రీ తన కూలి లెక్కను, తన ఇంటి కథను తానే కూర్చి, దాన్ని తన వాళ్లకు చదివి వినిపించగలిగిన నాడు నివేదికల్లో లబ్ధిదారు అన్న మాటకు అవసరం తీరుతుంది.