మెడలోని రూపాయి: నాణెమా, నగా?

అరకు లోయలో థింసా ఆడే స్త్రీల మెడలో కనిపించే రూపాయల దండను గిరిజన అలంకారంగా వర్ణించడం పరిపాటి. ఆ వర్ణన అసంపూర్ణం. 1835 చట్టం ప్రకారం రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే తులం. అందులో పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. ఆ ప్రమాణపు నాణేలు పది కూర్చిన దండ మెడలో ఉన్న పది తులాల పొదుపు.

ఈ సంగతి పరిశోధకుల చూపుకు ఎందుకు ఆనలేదో ఎడ్గార్ థర్‌స్టన్ కృషిని బట్టి గ్రహించవచ్చు. 1890లో కంపెనీ నాణేల చరిత్రను, మద్రాసు మ్యూజియం నాణేల పట్టికను ప్రచురించిన ఆయనే 1909లో కె. రంగాచారి సహకారంతో దక్షిణ భారత కులాలు, తెగలపై ఏడు సంపుటాలు వెలువరించారు. గదబ స్త్రీల నారబట్టను, ఇత్తడితీగ చెవిచుట్లను శ్రద్ధగా నమోదు చేసిన గ్రంథమది. అయినా రెండు రచనలవీ రెండు దారులు. ఒకదానికి టంకసాల, ఏలిక, తూకం ముఖ్యం; మరొకదానికి వేషం, ఆచారం. కొక్కెం అతికిన రూపాయి నాణేల సేకర్తకు చెడిపోయిన నాణెం, మానవశాస్త్రవేత్తకు వట్టి నగ.

జర్మన్ రాజ్యాల టాలర్‌కూ ఇదే గతి పట్టింది. 1618–1623 మధ్య అక్కడి పాలకులు చిల్లర నాణేల్లో వెండి తగ్గించి రాగి పెంచినప్పుడు, ఆ చిల్లరలో లెక్కిస్తే పూర్తి తూకపు టాలర్ వెల అనేక రెట్లు పెరిగింది. మంచి నాణెం పెట్టెల్లోకి చేరింది. నగలుగా మారిన టాలర్లపై కొక్కెం ఆనవాలును నాణేల పట్టికలు నేటికీ లోపంగానే రాస్తాయి. బొహీమియాలోని యోహిమ్‌స్థాల్ పేరు నుండి పుట్టిన ఆ 'టాలర్' ఇంగ్లీషులో 'డాలర్' అయింది; తెలుగువారు గొలుసుకు వేలాడే బిళ్ళను డాలరు అంటారు. పండితులు విడదీసిన నాణేన్నీ నగనూ వాడుక ఒక్క మాటలో కలిపింది.

మన్యంలో ఈ ప్రశ్నకు మరింత బరువుంది. గిరిజనుల భూమి బదిలీని, వడ్డీని అదుపు చేయడానికి 1917లో ఏజెన్సీ చట్టం చేయవలసి వచ్చిందంటే సావుకారి అప్పు ఎంత లోతుకు పాకిందో ఊహించవచ్చు. అటువంటి చోట స్త్రీ ఒంటిమీద నిలిచిన వెండిని చూస్తూనే, 'డబ్బు విలువ ఎరుగని అమాయకులు' అనే మాటను వ్యాసాల్లో తిరగరాయడం విమర్శకు నిలవదు. 1940లో రూపాయిలోని వెండి సగానికి తగ్గింది. 1947లో నికెల్ రూపాయి వచ్చింది. ముఖవిలువ మాత్రం మారలేదు. కనుక దండలో ఉన్నవి విక్టోరియా నాణేలా, ఐదవ జార్జి నాణేలా, 1940 తరువాతివా అన్నది కీలకం. క్షేత్ర పరిశోధకులు 'వెండి దండ' అని రాసి ముగించక, ప్రతి నాణెం సంవత్సరాన్ని, అరుగుదలను, అది తల్లి నుండి వచ్చిందో సంతలో కొన్నదో కూడా నమోదు చేయాలి.