బొమ్మ లేపితేనే కథ లేస్తది

మందెచ్చు కళాకారులు యాదవుల వాడలో కథకు కూర్చునే ముందు బొమ్మలు పేరుస్తారు. అవి తేలికైన పొనికి కర్రతో చేసినవి. పైన చింతగింజల గుజ్జు, రంపపు పొట్టు కలిపిన ముద్ద పూసి, నకాషీ చిత్రకారులు రంగులద్దినవి. కాటమరాజు కథకు యాభైకి పైబడిన బొమ్మలు కావాలి. కథ ఒక రాత్రితో తెమిలేది కాదు. ఏ పాత్ర వంతు వస్తే ఆ బొమ్మ చేతిలోకి లేస్తుంది, పని కాగానే దిగుతుంది. ఎంత గొడవ జరిగినా కొయ్యముఖంలో ఏ కదలికా ఉండదు. పుల్లరి అనే మేతపన్ను దగ్గర మొదలైన తగవు ఎర్రగడ్డపాడు యుద్ధం దాకా పోతుంటే ఆ కోపం, ఆ ఏడుపు అన్నీ కథకుడి గొంతులోంచే రావాలి. చూసేవాళ్ల కళ్లు మాత్రం బొమ్మను వదలవు.

ఈ పద్ధతిని బడిలోకి తెచ్చి నవలకు వాడుకోవచ్చు. వేరే దేశాల్లో భాషా ఉపాధ్యాయులు ఇలాంటిది చాలాకాలంగా చేయిస్తున్నారు. విద్యార్థి ఒక నవల చదివి, అందులోంచి నాలుగైదు వస్తువులు ఎంచుకుని, ఒక డబ్బాలో పెట్టుకుని తరగతికి వస్తాడు. ఒక్కొక్కటీ తీసి చూపిస్తూ నవల చెబుతాడు. కథ సారాంశం రాసివ్వడం, పాత్రల జాబితా చదవడం ఉండవు. వస్తువు, దాని గురించిన మాట, అంతే. వినడానికి తేలికైన పనే. చేయడానికి కూర్చుంటే మాత్రం నవలను రెండోసారి చదవక తప్పదు. ఈ ప్రాజెక్టులో అసలు ఉపయోగం అదే.

మన తెలుగు వాచకాల్లో పాఠం చివర ‘ప్రాజెక్టు పని’ అని ఉంటుంది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో దానికి మార్కులూ ఉన్నాయి. మార్కులున్న చోట థర్మాకోల్ షీటు కూడా ఉంటుంది. ఇంటర్నెట్ సెంటర్‌లో తీయించిన రంగు బొమ్మలు, మెరుపు కాగితం, అన్న చేతిరాత కలిసి ఒక ప్రాజెక్టు తయారవుతుంది. మంచి అట్ట వేస్తే మార్కులు వస్తాయని ఆరో తరగతి పిల్లవాడికీ తెలుసు. వస్తువులతో నవల చెప్పించేటప్పుడు మొట్టమొదట పెట్టాల్సిన షరతు అందుకే ఇది: ఏదీ కొనకూడదు. ఇంట్లోంచో పొలంలోంచో తెచ్చిందే పనికొస్తుంది.

ఉదాహరణకు తెలంగాణలోని చౌటుప్పల్ చుట్టుపక్కల బడులకు ఈ షరతు కష్టమేమీ కాదు. మండలంలోని కొయ్యలగూడెంలో మగ్గాలున్నాయి. పక్క మండలంలోని పుట్టపాక తేలియా రుమాళ్లకు పేరుపడ్డ ఊరు. రంగులద్దే ముందు నూలుకు ముడులేసి చిటికి కట్టే ఇంట్లో పెరిగిన పిల్లకు వస్తువు కథను ఎలా మోస్తుందో ఒకరు చెప్పనక్కర్లేదు. ఆసునే తీసుకోండి. అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం అది. దాని చుట్టూ నూలు పోయాలంటే చెయ్యి అటూ ఇటూ రోజుకు వేలసార్లు తిరగాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసుయంత్రం చేయడానికి ఏళ్ల తరబడి తంటాలుపడి, 1999లో సాధించాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. అంత కథా ఆ కొయ్యచట్రంలోనే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి ‘ఇది అమ్మ భుజం’ అంటే ఈ ఊళ్లల్ల ఎవరికైనా అర్థమైతది.

ప్రతీక అంటే ఏమిటని అడిగే పిల్లలకు చూపించడానికి చౌటుప్పల్‌లోనే ఇంకొకటి ఉంది. 2015 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి ఆవిష్కరించిన తాగునీటి పథకం పైలాన్. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన జిల్లాలో ఒక స్తంభం నీటికి గుర్తుగా నిలబడింది. ప్రభుత్వాలకు ప్రతీకల మీద ఉన్న నమ్మకం మన తెలుగు మాస్టర్లకు కూడా ఉంటే బాగుండు.

ఏ నవలతో మొదలుపెట్టాలి? ఈ బడులకైతే నా ఓటు వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’కి. చౌటుప్పల్ మీదుగా పోయే విజయవాడ రోడ్డు మీదే ముందుకు పోతే నకిరేకల్ వస్తుంది. ఆళ్వారుస్వామి పుట్టిన చెరువు మాదారం ఆ ప్రాంతందే. ఇళ్లల్లో వంట చేసి, హోటల్లో సర్వర్‌గా పనిచేసి చదువుకున్న మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలు తానే మోసుకుని తిరిగి అమ్మాడు, జైలుకు వెళ్లాడు. తెలంగాణ పల్లెను, దొరను, వెట్టిని, అప్పుడప్పుడే మేలుకుంటున్న జనాన్ని నవలలోకి తెచ్చిన తొలివారిలో ఆయన ముందుంటాడు. నవలలోని ఊరు దిమ్మెగూడెం, దొర రామభూపాలరావు, ఎదురు తిరిగినవాడు కంఠీరవం.

ఇప్పుడు డబ్బా తెరుద్దాం. దొర ఉండే గడీ కోసం అట్టముక్కలతో కోట కడతామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దు. అట్టకోట గడీని చూపిస్తుందే గానీ గడీ చేసిన పనిని చూపించదు. నేనైతే గుప్పెడు మట్టి పెడతాను. కంఠీరవం కుటుంబం భూమి దొర పాలైన దగ్గర ఆ మట్టిని మొదట చూపించాలి. వెట్టి చేసేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అదే మట్టి: వాళ్ల కాళ్లకు ఎప్పుడూ అంటుకునేదే, పేరు మీద మాత్రం ఎన్నడూ లేనిది. మతమార్పిళ్ల ఘట్టంలో మూడోసారి తీయాలి. అక్కడ టోపీయో బొట్టో పెట్టాలని పిల్లలకు అనిపిస్తుంది. పక్క బెంచీలో కూర్చున్న స్నేహితుడి గుర్తును నాటక సామాను చేయకూడదు. అసలు ఆ ఘట్టం అడిగే ప్రశ్న వేరు: చేతిలో భూమి, ఊళ్లో మర్యాద ఉంటే ఆ మనుషులు ఇల్లు, పేరు, దేవుణ్ని మార్చుకునే దాకా వచ్చేవాళ్లా? మట్టి మూడుచోట్లా అదే, అర్థం మాత్రం మూడుసార్లు మారింది. ఎన్నుకున్న వస్తువు మంచిదో కాదో తేల్చడానికి నాకు తెలిసిన గట్టి పరీక్ష ఇదే. ప్రేమకు గులాబీ, శాంతికి పావురం పెడితే మొదటి క్షణంలోనే పని అయిపోతుంది. తర్వాత వాటితో చెప్పేదేమీ ఉండదు.

రెండోది ఉర్దూలో రాసిన కాగితం. నిజాం రాజ్యంలో రికార్డులు, కచేరీలు నడిచింది ఆ భాషలో. దున్నేవాడికి తన పొలం గురించి ఏం రాశారో చదువుకునే దారి లేదు. ఆ కాగితం తరగతిలో చేతులు మారితే ఒక తమాషా జరుగుతుంది. ఒకరిద్దరు ముస్లిం పిల్లలు తప్ప ఎవరూ చదవలేరు. మిగతావాళ్లంతా కాసేపు ఆనాటి రైతులవుతారు. మూడోది నలిగిన తెలుగు పుస్తకం, గ్రంథాలయం కోసం, దాని వెనక వచ్చిన ఆంధ్ర మహాసభ కోసం. ఆళ్వారుస్వామి మోసిన మూట కూడా అదే గనక రచయితను విడిగా పరిచయం చేసే పని తప్పుతుంది.

ఇక చెప్పే తీరు. దీనికి పద్మశాలీల ఇళ్ల ముందు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వారి దగ్గర పాఠం ఉంది. వాళ్లకు బొమ్మలుండవు, చేర్యాల నకాషీలు గీసిన ఎర్రటి పటం ఉంటుంది. బట్టకు గంజి, సుద్ద, చింతగింజల గుజ్జు పట్టించి గీసిన పటం అది. అది గజాల కొద్దీ పొడవున్నా ఒక్కసారే పరిచెయ్యరు. కథ నడిచిన మేరకే పటం జరుగుతుంది. మన పిల్లలు చేసేది సరిగ్గా తిరగేసి: వస్తువులన్నీ ముందే బల్ల మీద సర్ది, పక్కన చీటీలు అంటించి, నిలబడి ఒప్పజెబుతారు. అది ప్రదర్శన అవుతుంది గానీ కథ కాదు. మూత తీయకముందు డబ్బాలో ఏముందో తెలియకూడదు. తీసిన వస్తువును వెంటనే పేరుపెట్టి పిలవకూడదు, కాసేపు చేతిలో ఉంచుకోవాలి. పని తీరాక పక్కన పెట్టాలి. అది నేర్పడానికి ఒక్క పీరియడ్ చాలదు.

కూనపులి వారి శ్రోతలు ఊరికే వినేవాళ్లు కారు. పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి విష్ణువు నాభికమలం తూటి నుంచి నూలు తెచ్చాడని కథ అంటుంటే, వినేది పొద్దంతా నూలుతో పెనుగులాడిన మనుషులు. పొద్దున మగ్గం మీద చిక్కుపడి విసిగించిన పోగు రాత్రికి దేవుడి దగ్గర మొదలవుతుంది. వస్తువు వినేవాడి చేతికి తెలిసినదైతే కథకుడి పని సగం తగ్గుతుంది.

వస్తువులతో నవలను నడిపించడంలో ఇంతకు మించి పోయినవాడు టర్కీ రచయిత ఓర్హాన్ పాముక్. 2008లో ‘మ్యూజియం ఆఫ్ ఇన్నోసెన్స్’ నవల తెచ్చి, 2012లో ఇస్తాంబుల్‌లో అదే పేరుతో నిజంగానే మ్యూజియం తెరిచాడు. నవలలో 83 అధ్యాయాలు, మ్యూజియంలో వాటికి తగ్గట్టు అద్దాల అరలు. ప్రియురాలు కాల్చి పారేసిన 4,213 సిగరెట్ పీకలు ఒక గోడ నిండా ఉంటాయి. నోబెల్ వచ్చినవాడు, డబ్బున్నవాడు, చేశాడు. మన పిల్లలకు 83 అరలు అక్కర్లేదు. ఐదు దాటితే వినేవాళ్ల ధ్యాస చెదురుతుంది.

మార్కుల దగ్గర టీచర్లకు ఇబ్బంది వస్తుంది. డబ్బా అందానికి సున్నా ఇవ్వాలని నా మాట. ప్రతి వస్తువుకూ నవలలో పేజీ చూపించమనాలి, చూపించలేకపోతే ఆ వస్తువు ఎంత బాగున్నా బయటికే. తర్వాత ఒక ప్రశ్న అడగాలి: పెట్టాలనుకుని చివరికి తీసేసింది ఏది, ఎందుకు తీశావు? గైడులో ఆ జవాబు దొరకదు, ఫోన్లోనూ దొరకదు. చదవని పిల్లవాడు అక్కడ దొరికిపోతాడు. చదివిన పిల్లవాడు, రాతలో వెనకబడినవాడైనా సరే, నోరు విప్పుతాడు. వెట్టి గురించి పరీక్ష పేపర్లో నాలుగు వాక్యాలు రాయలేని పిల్ల, చేతిలో మట్టి పట్టుకుని తాత ముచ్చట కలిపి పది నిమిషాలు చెప్పగలదు. మనం ఇన్నాళ్లూ ఆ పిల్లకు మార్కులు వేసింది నాలుగు వాక్యాలు చూసే.

కథానాయకుడికి వస్తువు పెట్టాలా వద్దా అన్నది మాత్రం తరగతిలోనే తేల్చుకోవాల్సిన తగవు. మందెచ్చుల వరుసలో కాటమరాజుకు బొమ్మ ఉంది. కంఠీరవానికి నేనైతే ఏదీ పెట్టను. మట్టికీ కాగితానికీ పుస్తకానికీ మధ్య అతను ఎటు నడిచాడో చెబితే చాలు. ఒప్పుకోని పిల్లలు ఉంటారు. వాళ్లు ఏం తెస్తారో, ఏ పేజీ చూపిస్తారో చూసి అప్పుడు మాట్లాడొచ్చు.