వెరోనికా: తుడుపా, పట్టా?

స్పెయిన్ ఎద్దుల పోరు మీద హెమింగ్వే 1932లో వెలువరించిన 'డెత్ ఇన్ ది ఆఫ్టర్‌నూన్'లోని కొన్ని పుటలను మిత్రుడొకరు తెలుగు చేసి, పరగోడు దాకా తెచ్చి నాచేత చదివించారు. నేను చదివింది బి.కాం. లెక్కల్లో తప్పు వెతకడం బ్యాంకు నేర్పిన అలవాటు. అనువాదం సాఫీగానే ఉంది గానీ ఒక్క 'వెరోనికా' దగ్గర ఆగాను.

పోరు మొదట్లో మటడోర్ గులాబి రంగు పెద్ద వస్త్రాన్ని రెండు చేతులా ముందుకు పట్టి నిలబడతాడు. (ఎర్రగుడ్డ చివరి అంకంలోది. ఎరుపు చూసి ఎద్దు రేగుతుందన్నది వట్టి మాట, రేగేది కదలికకు.) ఎద్దు దూసుకొస్తే వస్త్రాన్ని దాని కొమ్ముల ముందు మెల్లగా లాగుతూ, తన నడుము పక్కగా సాగనంపుతాడు. ఎంత నిదానమైతే అంత గొప్ప. ఆ కదలికే వెరోనికా.

మిత్రుడు దాన్ని 'ముఖం తుడుపు' అన్నారు. ఆధారం లేకపోలేదు. సిలువ మోస్తున్న క్రీస్తు ముఖాన్ని గుడ్డతో తుడిచిన స్త్రీ వెరోనికా. సువార్తల్లో ఆమె లేదు. కతోలికుల సిలువమార్గంలో ఆరో స్థలం ఆమెదే. చంపబోయే జంతువు ముఖం తుడవడం! నాకూ ఒళ్లు జలదరించింది, భేషన్నాను.

తీరా పుస్తకం చివరి పదకోశం తిరగేస్తే, హెమింగ్వే ఆ అర్థాన్నే తోసిపుచ్చాడు. చిత్రపటాల్లో ఆమె గుడ్డను రెండు చేతులా పట్టుకున్న తీరును బట్టి వచ్చిన పేరట అది. ఎద్దు ముఖం తుడవడంతో దానికి సంబంధమే లేదట. నా భేషును వెనక్కి తీసుకున్నాను. 'తుడుపు' అంటే ఆ రంగంలో కరుణ ఉన్నట్టు తోస్తుంది. కానీ ఆ ఎద్దు కాసేపట్లో కత్తికి కూలుతుంది. హెమింగ్వే దాచని చావును మన తెలుగు ఎందుకు దాచాలి?

మరి ఏ మాట వాడాలి? చంద్రగిరి దగ్గరి ఎ. రంగంపేట పశువుల పండగలో పలకలూ గుడ్డలూ ఎద్దు కొమ్ములకే కడతారు, వాటిని ఊడబెరుక్కోవడమే పందెం. మనిషి చేతిలో గుడ్డ లేని ఆటలో ఈ పేరు వెతికితే ఎలా దొరుకుతుంది? 'కొంగుపట్టు' అందామనుకున్నాను. రెండు చేతులా కొంగు పట్టిన మన ఆడవాళ్ల భంగిమ అచ్చం అదే. కానీ కొంగు పట్టడమంటే యాచించడమవుతుంది. ఒక పొరపాటు దిద్దబోయి ఇంకొకటి తెచ్చినట్టు.

వెరోనికాను వెరోనికాగానే ఉంచి, మొదటిసారి వచ్చినచోట చేతుల పట్టును ఒక వాక్యంలో చెప్పమన్నాను. 'తుడుపు' కొట్టేయడానికి ఆయనకు మనసొప్పడం లేదు. ఆ పుట ఇంకా నా దగ్గరే ఉంది.