ఖాళీని వెతికే కాళ్ళు

పత్తి తీసేసిన చేలో బంతాట ఆడినవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు. పీకకుండా వదిలేసిన మోళ్ళు అరికాలిని చీరేస్తాయి. పీకి దున్నితే గడ్డలు. వానాకాలంలో నల్లరేగడి పాదానికి అంటుకుని చెప్పు మందాన పేరుకుంటుంది. ఎండాకాలంలో అదే నేల చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుకుంటుంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఫుట్‌బాల్ వేళ్ళూనుకోకపోవడానికి కారణమేమిటని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ నేలనే చూపిస్తాను. తొలకరి నుంచి పొలాలన్నీ పత్తికీ మిరపకీ పోతాయి. సంక్రాంతి వెళ్ళాక మిరపకోతలు మొదలవుతాయి. ఊరి చుట్టూ చదునుగా జాగా ఎక్కడ కనబడినా అది కళ్ళమవుతుంది, కాయ ఎర్రగా పరుచుకుంటుంది. నూరు గజాల పొడవు నేలను పిల్లల ఆటకని ఏడాది పొడుగునా ఎవరు వదులుతారు? కబడ్డీకైతే పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు సరిపోతుంది. కళ్ళంలో కాయ ఎత్తేసిన మర్నాడే బరి గీసుకోవచ్చు.

అయినా హైస్కూళ్ళలో ఫుట్‌బాల్ ఉండేది. ఆటల పీరియడ్‌లో డ్రిల్లు మాస్టారు ఒక్క బంతి విసిరితే నలభై మందిమి దాని వెంట పడేవాళ్ళం. బంతి ఎటు పోతే గుంపంతా అటే. ఆ గుంపులోంచి బయటికొచ్చి, బంతి లేని చోట ఒంటరిగా నిలబడినవాణ్ణి సోమరిపోతు అనుకునేవాళ్ళం. నిజానికి ఆ నలభై మందిలో ఆట తెలిసినవాడు వాడొక్కడే. ఈ వ్యాసం వాడి గురించే.

ఫుట్‌బాల్‌లో ముందు వరుసలో ఆడేవాణ్ణి ఫార్వర్డ్ అంటాం. గోలు కొట్టడం వాడి పని అని అందరికీ తెలుసు. కానీ తొంభై నిమిషాల ఆటలో ఏ ఆటగాడి కాళ్ళ దగ్గరైనా బంతి ఉండేది రెండు మూడు నిమిషాలే. మిగిలిన ఎనభై ఏడు నిమిషాలూ ఫార్వర్డ్ ఏం చేస్తాడన్నదే అసలు విద్య. వాడు ఖాళీని వెతుకుతాడు. ఎదుటి జట్టు రక్షకులిద్దరి మధ్య ఎంత సందుంది, వాళ్ళలో ఎవడు బంతినే చూస్తూ తనను మరిచిపోయాడు, ఎవడు ఏ కాలి మీద బరువు మోపి నిలబడ్డాడు, ఇవన్నీ లెక్క వేస్తాడు. ముందు రక్షకుడి వైపు రెండడుగులు వేస్తాడు. రక్షకుడు వెనక్కి జరుగుతాడు. అప్పుడు చటుక్కున వెనుదిరిగి బంతి అందుకుంటాడు. మరోసారి బంతి కోసం వస్తున్నట్టు కనబడి, రక్షకుణ్ణి తన వెంట లాక్కొచ్చి, ఆ వెనక ఖాళీ అయిన చోటుకి ఇంకొకణ్ణి పరిగెత్తనిస్తాడు. ఆ రెండోవాడు గోలు కొడితే స్కోరు పుస్తకంలో వాడి పేరే ఉంటుంది. సందు తెరిచినవాడి పేరు ఎక్కడా ఉండదు.

దీనికి తోడు ఆఫ్‌సైడ్ నిబంధన ఒకటుంది. ఫార్వర్డ్‌కు సహచరుడు బంతి అందించే క్షణానికి, ఎదుటి గోలు వైపు కనీసం ఇద్దరు ప్రత్యర్థులు, గోల్‌కీపర్‌తో కలిపి, అతనితో సమంగానో అతనికంటే ముందో ఉండాలి. 1925 వరకు ముగ్గురుండాలనేవారు. ఆ ఏడు ఇద్దరికి తగ్గించారు. దీనివల్ల ఫార్వర్డ్ పరుగుకి వేగం కంటే వేళ ముఖ్యమైంది. అరక్షణం ముందు కదిలితే జెండా లేస్తుంది, అరక్షణం ఆలస్యమైతే రక్షకుడు అందుకుంటాడు. పాస్ ఇచ్చేవాడి కాలు బంతిని తాకే క్షణమే వీడి పరుగుకి ముహూర్తం. రక్షకుల వరుస వెంట అడ్డంగా నడుస్తూ, ఒక్కసారి వాలుగా లోపలికి దూసుకుపోతే ఆ అరక్షణం కలిసొస్తుంది. మంచి ఫార్వర్డ్ మీదే చూపు నిలిపి ఒక ఆటంతా చూడండి, బంతిని అసలు చూడకండి. అతను ఎన్ని పరుగులు తీసి ఎన్నిటికి బంతి అందక మళ్ళీ వెనక్కి నడిచొచ్చాడో లెక్కపెడితే ఆ ఓర్పుకి మనసు నిండిపోతుంది.

ఈ విద్యను తెలుగు నేల మీద ఒక పద్ధతిగా నేర్పినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. హైదరాబాద్‌లో బడిపంతులు. 1943 నుంచి కన్నుమూసేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది. అదే ఏడు నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్‌ను వరసగా అయిదుసార్లు ఎత్తుకొచ్చింది. దేశానికి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిపెట్టింది ఆయన శిక్షణే. 2024లో ఆయన మీద ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చాక మన పిల్లల్లో కొందరికైనా ఆ పేరు తెలిసింది.

ఆ విజయాల కంటే ఆయన బోధనే నాకు ఎక్కువ ఇష్టం. రహీం సాబ్ పిల్లలకు డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి, కాళ్ళ దగ్గర ఉంచుకోకూడదు. అలా అయితే బంతి లేనివాళ్ళంతా కదలక తప్పదు, ఇచ్చినవాడు కూడా ఇచ్చి ఊరుకోలేడు. మరో రకం పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తన్నాలి. రెండు కాళ్ళూ సమానంగా పలికే ఫార్వర్డ్‌ను ఏ వైపు కాపు కాయాలో రక్షకుడికి తెలియదు. ఈ పోటీలకు కొత్త బూట్లు అక్కర్లేదు, పచ్చిక మైదానం అక్కర్లేదు. ఖర్చు లేని నిబంధన ఒకటి మార్చి ఆటగాడి మెదడునే మార్చిన గురువాయన.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడిపోయారు. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆటతీరుకి పాఠం మరుసటి ఏడు దొరికింది. 1953 నవంబరులో లండన్ వెంబ్లీ మైదానంలో హంగేరీ 6-3తో ఇంగ్లండ్‌ను ఓడించింది. హిడెగ్‌కుటి అనే మధ్య ఫార్వర్డ్ ఆ రోజు గోలు ముందు నిలబడకుండా వెనక్కి, మధ్య మైదానంలోకి దిగిపోయి ఆడాడు. అతని వెంట వెళ్ళాలో ఉన్నచోటే ఉండాలో ఇంగ్లండ్ రక్షకులకు పాలుపోలేదు. అతను మూడు గోల్స్ కొట్టాడు. అలా వెనక్కి దిగే ఫార్వర్డ్ వ్యూహాన్ని రహీం సాబ్ తొందరగా పట్టుకుని భారత జట్టుకు అబ్బేలా చేశారు.

ఆ బడి నుంచి వచ్చిన గొప్ప ఫార్వర్డ్ తులసీదాస్ బలరాం. 1936లో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టారు. ఇరవై ఏళ్ళకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. 1956-57లోనూ ఆ మరుసటి ఏడూ, రాష్ట్రాల జట్ల పోటీ అయిన సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టులో ఆడారు. 1957లో కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1961లో ఆ జట్టుకు కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించి, ఆ లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 23 గోల్స్ కొట్టారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు హంగేరీతో 1-2తో ఓడింది, ఆ ఒక్క గోలు బలరాందే. పెరూ మీద కొట్టిన ఒక్క గోలూ ఆయనదే. ఆ రోజుల భారత ఫార్వర్డుల్లో చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం అని ముగ్గురినీ కలిపి చెప్పుకుంటారు. వాళ్ళలో ముందు వరుసలో ఏ స్థానంలోనైనా ఇమిడిపోగలిగినవారు, వెనక్కి దిగి ఇతరులకు బంతి అమర్చిపెట్టినవారు బలరామే. 1962లో అర్జున అవార్డు వచ్చింది. మరుసటి ఏడు, ఇంకా ముప్పై నిండకముందే, ఊపిరితిత్తుల జబ్బు ఆట మానిపించింది. పద్మ పురస్కారం అందకుండానే 2023 ఫిబ్రవరి 16న వెళ్ళిపోయారు. బతికుండగా ఇవ్వవలసింది మనం ఇవ్వలేదు.

జకార్తా స్వర్ణం మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. ఆ పోటీల్లో మన రక్షకుడు జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. రక్షణలో నిలబెడితే తలతో ఎదుర్కోవలసిన బంతులెక్కువ. రహీం సాబ్ అతన్ని సెమీఫైనల్‌లో మధ్య ఫార్వర్డ్‌గా పంపారు. అతను ఆ ఆటలోనూ గోలు కొట్టాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీదా కొట్టాడు. 2-1తో గెలిచాం. రక్షకుడు ఎప్పుడు ఏమరుపాటు పడతాడో రక్షకుడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఇదంతా పై మెట్టు కథ. ఒక్క బలరాం వెనక పేరు బయటికి రాని ఫార్వర్డులు ఎందరో ఉండేవాళ్ళు. వాళ్ళకు అన్నం పెట్టింది పోలీసు శాఖ, రైల్వే, బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థలు. పొద్దున సాధన, పగలు ఉద్యోగం, సాయంత్రం లీగ్ ఆట. ముప్పై ఏళ్ళు దాటి కాళ్ళు సడలినా జీతం ఆగేది కాదు. బలరాం కూడా చివరికి రైల్వే జట్టులో, ఆ ఉద్యోగం నీడలోనే స్థిరపడ్డారు. ఫార్వర్డ్ విద్యకు ఈ భరోసా చాలా అవసరం. ఎందుకంటే గోలు పడని వారాలు ప్రతి ఫార్వర్డ్‌కూ వస్తాయి. ఆ వారాల్లో కూడా ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న ధీమా ఉన్నవాడే తొందరపడి ప్రతి బంతినీ తనే తన్నెయ్యకుండా, పక్కవాడి కోసం సందు తెరుస్తూ ఆడగలడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచిందంటే దాని వెనక ఈ ధీమా ఉంది. తర్వాత 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యువజన టైటిల్ పంచుకున్న భారత జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ ఫార్వర్డ్ షబ్బీర్ అలీ.

శాఖల జట్లు ఒక్కొక్కటీ సన్నగిల్లాయి. వాటి చోటులోకి క్లబ్బులొచ్చాయి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ ఏడు దాని తరఫున 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచే నైజీరియా ఆటగాడు. విశాఖలో పుట్టి హైదరాబాద్ చేరిన శ్రీనిధి డెక్కన్ జట్టు రెండో మెట్టు లీగైన ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానంలో నిలిచింది. దాని ముందు వరుసలో గోల్స్ కొట్టిన కాస్తనేదా కొలంబియా వాడు. ఈ ఆటగాళ్ళ మీద నాకే ఫిర్యాదూ లేదు, వాళ్ళ ఆట చూడ్డం భాగ్యమే. కానీ గోలు కొట్టే చోటు విలువైనది కాబట్టి క్లబ్బులు ముందుగా విదేశీయుణ్ణి తెచ్చుకునేది ఆ చోటుకే. రక్షకుడిగానో గోల్‌కీపర్‌గానో మన కుర్రాడికి తలుపు కాస్త తెరుచుకుంటుంది. ఫార్వర్డ్‌కు తెరుచుకోదు. కింది లీగ్‌ల్లో ఆడే ఫార్వర్డ్ సీజన్‌కొక ఒప్పందం మీద, ఊరుకొక అద్దెగదిలో, తొడ వెనక కండరం పట్టేస్తే ఈ నెల డబ్బు ఎలా అన్న దిగులుతో ఆడతాడు.

అంత ఇరుకులోంచి కూడా వచ్చినవాళ్ళున్నారు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య మొదట పరుగు పందేల పిల్ల. ఆ వేగాన్ని ఫుట్‌బాల్‌కు మళ్ళించారు. గోకులం కేరళకు ఆడి, 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ క్లబ్ దాకా వెళ్ళారు. ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్‌లో చేరి, 2024-25కు దేశంలో ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికయ్యారు. బలరాం ఆడిన క్లబ్బుకే అరవై ఏళ్ళ తర్వాత కూడా తెలుగు నేల నుంచి ఒక ఫార్వర్డ్ వెళ్ళారంటే, దారి పూర్తిగా మూసుకుపోలేదన్నమాట.

ఇప్పుడు మళ్ళీ మన రేగడి నేలకు వస్తాను. సంక్రాంతికి ఊళ్ళో ఒకపక్క ఎడ్ల బండలాగుడు, ఇంకోపక్క కబడ్డీ. కూతకు వెళ్ళే కుర్రాణ్ణి గమనించండి. గీత దాటగానే అతని చూపు ఎదుటివాళ్ళ ముఖాల మీద ఉండదు, పాదాల మీద ఉంటుంది. కుడివైపు ఒక అడుగు వేసి మూలవాణ్ణి కదిలిస్తాడు, బరువు మార్చి ఎడమకు మళ్ళుతాడు, ఏడుగురి మధ్య ఏర్పడిన జానెడు సందులోంచి చెయ్యో కాలో తాకించి ముప్పై సెకన్లలోపు వెనక్కి వచ్చేస్తాడు. ఎదుటివాడి బరువు ఏ కాలి మీదుందో పసిగట్టడం, లేని పరుగు చూపించి ఉన్న పరుగు దాచడం, సందు తెరుచుకున్న క్షణాన్ని పట్టుకోవడం, ఫార్వర్డ్‌కు కావలసింది సరిగ్గా ఇదే. పర్చూరులోనూ చిలకలూరిపేటలోనూ నరసరావుపేటలోనూ ఈ విద్య పిల్లల ఒంట్లో ఇప్పటికే ఉంది. దానికి బంతి కలవలేదు, అంతే.

డ్రిల్లు మాస్టార్లకూ, సంక్రాంతి పోటీలు నడిపే ఊరి కుర్రాళ్ళకూ ఒక్కటే మనవి. మీ హైస్కూలు గ్రౌండ్ చిన్నదైనా ఫరవాలేదు, జట్టుకి ఏడుగురే పెట్టండి. వచ్చే పండక్కి కబడ్డీ బరి పక్కన ఒక ఫుట్‌బాల్ పోటీ నడపండి. ఒక పూట ఎవరూ బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకోకూడదని, ఇంకో పూట వాటం లేని కాలితోనే తన్నాలని నియమం పెట్టండి. కూతకు వెళ్ళే కుర్రాణ్ణి ముందు వరుసలో నిలబెట్టండి.

బంతికి దూరంగా ఒంటరిగా నిలబడ్డ పిల్లవాడు కనబడితే మాత్రం వాణ్ణి కేకలేయకండి.