అడుగున మిగిలే తొలి మంచు

ఆల్ప్స్ కొండల్లో స్కీయింగుకు కొత్తగా వచ్చేవాళ్లు సీజను మొదట్లో ధీమాగా ఉంటారు. నవంబరు మంచు మోకాలి లోతు కూడా ఉండదు, అది విరిగిపడితే మాత్రం ఏమవుతుందిలే అని. అనుభవమున్న గైడ్లు ఆ పలచటి మంచునే ఎక్కువగా అనుమానిస్తారు. నన్నడిగితే వాళ్లదే సరైన లెక్క.

మంచు కింద నేల సున్నా డిగ్రీల దగ్గరే నిలకడగా ఉంటుంది. మబ్బు లేని రాత్రి పైభాగం మైనస్ 15, 20కి పడిపోతుంది. మధ్యనున్నది జానెడు మంచే అయితే అంత తేడానూ ఆ జానెడే భరించాలి. అడుగు నుంచి ఆవిరి పైకి లేస్తూ, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న రేణువులను కోసుదేలిన విడి పలుకులుగా మార్చేస్తుంది. ఎండ సోకని ఉత్తరపు వాలుల్లో ఇది మరీ ఎక్కువ. గుప్పెట పట్టి నొక్కితే ముద్ద కట్టదు, పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. డిసెంబరు గాలులు దాని మీద గట్టి పలక పరుస్తాయి. ఇక ఒక్కడు అడుగేసినా చాలు. కింది పొర ధబ్బున కూలుతుంది, పగులు వాలంతా పాకుతుంది. వాలు 30 డిగ్రీలు దాటితే పలక జారినట్టే. స్కీయర్లను మింగే చరియల్లో చాలావాటిని కదిలించేది వాళ్లో, వాళ్ల జట్టువాళ్లో. పైగా తొలి సీజనులో రాళ్లింకా మంచులో మునగవు కనుక చిన్న చరియ ఈడ్చుకుపోయినా ఒళ్లు చితికిపోతుంది.

అడుగున ఏముందో తెలియాలంటే తవ్వాల్సిందే. ఎక్కబోయే వాలు ఏ దిక్కుకు తిరిగి ఉందో అదే దిక్కున, భయం లేని చోట, పారతో నేలదాకా గొయ్యి తీస్తారు. గోడను పై నుంచి కిందికి తడుముతారు. పిడికిలి దిగిపోతే మెత్తన, కత్తి మొన తప్ప దిగకపోతే గట్టి. గట్టిదాని కింద మెత్తటిది తగిలిందా, అక్కడే ఆగుతారు. 30 సెంటీమీటర్ల చదరపు దిమ్మెను విడదీసి, పైన పార రేకు ఆనించి, మణికట్టు కదిపి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది వేస్తారు. ఎన్నో దెబ్బకు ఏ పొర జారిందో, నున్నగా జారిందో గరుకుగా విరిగిందో రాసుకుంటారు. పదడుగుల అవతల మంచు మరోలా ఉండొచ్చు. కాబట్టి గొయ్యి ప్రమాదముందంటే నమ్మాలి, లేదంటే నమ్మకూడదు.

ఇదంతా ప్రయోగశాలలోనే పుట్టిన విద్య కాదు. స్విట్జర్లాండులోని ఆండర్మాట్ వాళ్లు ఊరి పైనున్న అడవిని నరకకూడదని 1397లోనే కట్టుబాటు రాసుకున్నారు. దావోస్ దగ్గర ఒక చర్చి వెనక గోడను, వచ్చే మంచు రెండుగా చీలిపోయేలా, కోణంగా కట్టారు. అదే దావోస్ పైన వైస్‌ఫ్లూయోఖ్‌లో 1936 నుంచి మంచును కొలుస్తున్నారు. 1951 చలికాలంలో స్విట్జర్లాండులో 98 మంది చరియల కింద పోయాక కొండవాలుల్లో అడ్డుకట్టలు, ప్రమాద పటాలు జోరందుకున్నాయి. స్విట్జర్లాండు, ఆస్ట్రియాల ఈ ఉమ్మడి నేర్పును 2018లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. గుర్తింపు సంగతలా ఉంచితే, ఆరొందల ఏళ్ల జాగ్రత్త ఇప్పటికీ వాడుకలో ఉండటమే గొప్ప.

డిసెంబరు రాగానే హిమాలయ ట్రెక్కింగుకు బయల్దేరే మన కుర్రాళ్లకో మాట. చండీగఢ్‌లోని డీఆర్‌డీవో విభాగం హిమాలయాలకూ మంచుచరియల హెచ్చరికలు ఇస్తుంది. చూసుకోండి. కూరుకుపోయిన మనిషికి తొలి పది, పదిహేను నిమిషాలే ప్రాణాధారం, బయటి సాయం అంతలో అందదు. డబ్బు కట్టేముందే నిర్వాహకులను అడగండి: ఏటవాలు మంచు మీదుగా తీసుకెళ్తారా? వెళ్తే కూరుకుపోయినవాళ్ల ఆచూకీ చెప్పే బీకన్, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్, పార అందరికీ ఇస్తారా? జవాబు తడబడితే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి.