సూచికలో దొరకని పెండ్లి

"మా జేజి పెండ్లి రికార్డుల్లో లేదంటున్నారు సార్, మరి జరగలేదా?" వంశవృక్షం రాయాలని వచ్చేవాళ్లు తరచూ అడిగే మాట ఇది. జరిగే ఉంటుంది. రాయక వదిలేసి ఉండొచ్చు, లేదా ఇంకో అక్షరం కింద రాసి ఉండొచ్చు.

ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో పాత పెండ్లిళ్లకు సూచిక అంటూ ఉన్నది ఎక్కువగా క్రైస్తవ కుటుంబాలకే. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ముత్యాలపాడు, నంద్యాల లాంటి చోట్ల ఆంగ్లికన్ పాదిరి తన రిజిస్టరు నకళ్లను ఏడాదికి నాలుగుసార్లు పైకి పంపాలి. అలా పోగైన నకళ్లకు సూచికలు కట్టాలన్నది 1886 చట్టం. పెండ్లికూతురి పేరు పాదిరి చెవిన పడి, ఇంగ్లీషు అక్షరాల్లోకి మారి, గుమాస్తా కలం దాటి మన దాకా వచ్చిందన్నమాట.

జ్ఞానమ్మ అనే పేరునే తీసుకోండి. 'జి', 'జె', 'ఎన్' మూడింటి కిందా వెతకాల్సిందే. వాళ్ల నాయన ఓబులేసు పేరును ఇంటిపేరనుకుని ఉంటే 'ఓ' కింద కూడా చూడాలి. కడపను 'సి'తో రాసేవాళ్లు. డిసెంబరు ఆఖర్లో జరిగిన పెండ్లి మరుసటి ఏడాది నకళ్లలో తేలొచ్చు. వయసులన్నీ 20, 25 అని అయిదుల లెక్కన కనబడితే అవి అంచనాలేనని నేననుకుంటాను.

తాత పేరు మనవడికి పెట్టే సీమలో, మేనరికాలతో అవే ఇంటిపేర్లు మళ్లీ మళ్లీ వచ్చే ఊళ్లలో, పేరు కలిసినంత మాత్రాన మనిషి దొరికినట్టు కాదు. అసలు రిజిస్టరులో ఇద్దరు సాక్షుల పేర్లుంటాయి, అవి చూడాలి. సాక్షి మేనమామ అని తేలితే సగం చిక్కు వీడినట్టే. 1876-78 ధాత కరువులో ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఏళ్లలో ఒక ఇంటి జాడ తెగిపోతే, వాళ్లు బతుకుదెరువుకు పోయిన ఊరి రిజిస్టరు తిరగెయ్యాలి.

మరి హిందువుల మాటేమిటి? మన రాష్ట్రంలో వివాహ నమోదు తప్పనిసరి అయ్యింది 2002 చట్టంతోనే. అంతకుముందు పెండ్లిళ్లకు నేను నమ్మేది చదివింపుల పుస్తకాన్ని. మొదటి పేజీ మూలన పసుపు, పైన శ్రీరస్తు, కింద వరసగా ఊరు, ఇంటిపేరు, మనిషి, రూపాయలు. డబ్బుల బదులు ఇత్తడి చెంబు ఇచ్చినా రాస్తారు. రేపు తిరిగి చదివించాల్సిన బాకీ కదా, అందుకే పేరు తప్పు పోనివ్వరు. పెండ్లయి వెళ్లిన ఆడబిడ్డ అందులో మొగుడి ఊరి పేరుతో కనిపిస్తుంది. ఏ సర్కారు సూచికలోనూ దొరకని ఆనవాలు అది.

ఏ కాగితం దొరికినా అందులోని అక్షరం దిద్దకండి. ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాసుకుని, మీకు తోచింది పక్కన వేరేగా రాయండి. మీ ఇంట్లో చదివింపుల పుస్తకం ఉంటే పాత పేపర్లతో పాటు తూకానికి వెయ్యకండి. పెద్దవాళ్లుండగానే పక్కన కూర్చుని, ఒక్కో పేరూ ఎవరిదో అడిగి రాయించుకోండి.